అండీ టీచరు

భాషా సాంస్కృతిక కేంద్రం ముఖద్వారం వెడల్పు పన్నెండడుగులు. దానికి కట్టమని వచ్చిన బ్యానరు పొడవు పద్నాలుగడుగులు. ద్వారాన్ని సాగదీయడం కుదరదు గనక అటెండరు గారు మిగిలిన రెండడుగుల గుడ్డనీ స్తంభం వెనక్కి మడిచి, మేకు కొట్టి, నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని టీకి వెళ్ళిపోయారు. ఆ రెండడుగుల్లో ఒక య వత్తూ, దాని పక్కన ఒక తకారమూ ఉన్నాయి. దాంతో "మన కేంద్రం, మన సామాజిక బాధ్యత" అని ఊరికి చాటాల్సిన బ్యానరు "మన కేంద్రం, మన సామాజిక బాధ" అని చాటింది. నాలుగు రోజుల పాటు చాటింది. కమిటీ వారు దాని కిందే వరసగా నిలబడి ఫోటో దిగారు. ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

నాలుగో రోజున ఒక పెద్దాయన కర్ర తాటించుకుంటూ లోపలికొచ్చి, "బాధలు చెప్పుకునే గది ఏదండీ?" అని అడిగారు.

అటెండరు గారు ఏమాత్రం తడుముకోలేదు. "మేడ మీద మూడో గది" అన్నారు.

మూడో గదిలో భాషా విభాగం టీచరు గారు హాజరు పట్టీ దిద్దుకుంటున్నారు. కిందటి నెల నుంచి ఆవిడే సామాజిక బాధ్యతా విభాగానికి కన్వీనరు కూడాను. ఆ పదవి ఆవిడ అడిగింది కాదు. మీటింగుకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళినందుకు దక్కింది. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని, తమ వీధి చివర మురుగు నీళ్ళు రోడ్డు మీదికి ఎలా వస్తున్నాయో, ఎప్పట్నించి వస్తున్నాయో, ఎవరి తప్పు వల్ల వస్తున్నాయో నలభై నిమిషాలు చెప్పారు. టీచరు గారు మధ్యలో రెండుసార్లు "అయ్యో, ఇది ఆ ఆఫీసు కాదండీ" అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నారు. చివరికి అర్జీ ఆవిడే రాసి, ఎవరికివ్వాలో చెప్పి, మెట్ల దాకా దిగబెట్టి వచ్చారు. మురుగు ఆగింది. సామాజిక బాధ్యతా విభాగం ఆ ఏడాది చేసిన మొదటి పని అదే. వార్షిక నివేదికలో మాత్రం ఎక్కలేదు, ఫోటో లేదు గనక.

ఆవిడకి యాభై ఒకటో ఏడు. కేంద్రంలో చేరి ఇరవయ్యారేళ్ళు. విద్యార్థులు, వీధివాళ్ళు, చివరికి కింద డాన్సు నేర్చుకునే పిల్లలు కూడా ఆవిడని "అండీ టీచరు" అంటారు. కారణం వెతకాల్సిన పని లేదు. ఆవిడ నోట అండీ లేని వాక్యం పుట్టదు. కూరగాయల బండి ఆపాయనకి అండీ, తప్పు నంబరుకి ఫోన్ చేసినాయనకి అండీ, నాలుగేళ్ళ పిల్లలకి అండీ. ఒకసారి మెట్ల మీద అడ్డంగా పడుకున్న కుక్కతో "కాస్త పక్కకి జరగండి" అన్నారనీ, అది జరిగిందనీ అటెండరు గారు ఒట్టేసి చెబుతారు.

ఈ జబ్బు ఆవిడకి తండ్రి నుంచి వచ్చింది. ఆయన బస్సు కండక్టరు. ముప్ఫై మంది పట్టే బస్సులో తొంభై మందిని ఎక్కించుకుని, పీకల దాకా ఇరుక్కుని కూడా, "ముందుకు జరగండి, ఇంకో అడుగు జరగండి, మీరే కదండీ, జరగండి" అని సాగేవారు. చిన్నప్పుడు ఆవిడ ఒకసారి "ఎందుకు నాన్నా అందరికీ అండీ అంటావు?" అని అడిగితే, "లేకపోతే జరగరమ్మా" అన్నారు. ఆవిడ భాషాశాస్త్రం చదువుకున్నది ఆ తర్వాత. అంతకు మించి అందులో కొత్తగా నేర్చుకున్నది తక్కువేనని ఆవిడ అభిప్రాయం.

ఇక భర్త గారిది కళ్ళజోళ్ళ దుకాణం. ఆవిడ ఆయన్ని "ఏవండీ" అంటారు, ఆయన ఆవిడని "ఏమోయ్" అంటారు. ఊరంతా దిద్దిన టీచరు ఇంట్లో ఈ ఒక్క వాక్యాన్నీ దిద్దకుండా ఇరవయ్యెనిమిదేళ్ళుగా వదిలేశారు.

మూడో గదిలో సాయంత్రం ఆరుంబావు క్లాసు మూడేళ్ళ కిందట మొదలైంది. మొదలుపెట్టింది కమిటీ కాదు, ఒక వాచిన మణికట్టు.

ఆ రోజు టీచరు గారు ఏదో జ్వరానికి క్లినిక్ వరసలో కూర్చున్నారు. ముందున్నావిడ మరో భాష మాట్లాడే చోటి నుంచి పనికోసం వచ్చిన మనిషి. కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. చెయ్యి బూరెలా వాచిపోయి ఉంది. "ఎప్పట్నించి నొప్పి?" అని కాంపౌండరు గారు అడిగారు. ఆవిడకి అర్థం కాలేదు. "ఎప్పట్నించీ నొప్పీ?" అని ఇంకాస్త గట్టిగా అడిగారు. మూడోసారికి వీధిలో వెళ్ళేవాళ్ళకి కూడా వినబడింది. గట్టిగా అరిస్తే భాష వచ్చేస్తుందని నమ్మేవాళ్ళలో ఆయనొకరు. టీచరు గారికి జ్వరం దిగిపోయి చిరాకు ఎక్కింది. లేచి వెళ్ళి, వేలితో గోడ మీది క్యాలెండరు చూపించి, "ఏ రోజు నుంచండీ?" అన్నారు. ప్యాకింగావిడ ఒక తేదీ మీద వేలు పెట్టారు. అంతే, పని అయిపోయింది.

మర్నాడు సాయంత్రం ప్యాకింగావిడ కట్టుతో కేంద్రం గుమ్మంలో ఉన్నారు. వెనక ఇంకో ముగ్గురు. నెల తిరిగేసరికి పదకొండు మంది.

ఒక్కటే చిక్కు. కంపెనీలో పని ఆరున్నరకి వదులుతారు. ఏడింటికి మూడో గదిలోకి సంగీతం క్లాసు వచ్చేస్తుంది. అందుకని ఈ పదకొండు మందిని క్లాసున్న రోజుల్లో అరగంట ముందు వదలాలి. ఆ అరగంటకి కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు గారు ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయన సంతకముంటే క్లాసుంది, లేకపోతే లేదు. బోర్డూ, సుద్దముక్కా, టీచరూ అన్నీ ఉన్నా సరే, విద్యార్థులుండరు.

క్లాసులో ఎవరి పేర్లూ ఎవరికీ నోరు తిరగక, పనులే పేర్లయ్యాయి. ప్యాకింగావిడ, క్యాంటీనావిడ, గోడౌనాయన. ఈ గోడౌనాయనకి నలభై దాటాయి, తలుపు కిందుగా వంగి రావాల్సినంత పొడుగు. బస్తాలెత్తే చేతులతో పెన్సిలు పట్టుకుంటే పెన్సిలు కనిపించేది కాదు. కానీ నేర్చుకోవాలన్న ఆత్రం మాత్రం గదిలో అందరికంటే ఎక్కువ. దారిలో విన్న ప్రతి మాటా అరచేతి మీద రాసుకుని వచ్చేవారు.

టీచరు గారు వాళ్ళకి ఏనుగు, ఏకలవ్యుడు అంటూ మొదలుపెట్టలేదు. "నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి." "ఇక్కడ నొప్పిగా ఉందండీ." "ఎలా చెయ్యాలో ఒకసారి చూపించండి." మొదటి నెలంతా ఈ మూడే. రెండో నెల మర్యాద పాఠం. బోర్డు మీద రెండు వరసలు గీసి, ఇటు "వచ్చావు", అటు "వచ్చారు". ఇటు "రా", అటు "రండి" అని రాసి చెప్పారు.

"చూడండీ, మీకు ఏ మాట వినబడినా సరే, ఎదుటివాళ్ళతో అనేటప్పుడు చివర మార్చండి. 'వు' తీసెయ్యండి, 'రు' పెట్టండి, అండీ తగిలించండి. మిగతాది తప్పు పోయినా మర్యాద మాత్రం పోదు."

గోడౌనాయన ఈ సూత్రాన్ని అరచేతి మీద కాదు, పుస్తకం అట్ట మీద రాసుకున్నారు.

నాలుగో ఏటి సంతకానికి వేళయింది. ఈసారి ఆఫీసరు గారు స్వయంగా వచ్చి క్లాసు చూసి సంతకం పెడతానన్నారు. ఆ కబురు వినగానే కేంద్రం కార్యదర్శి గారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆయన మంచివారే. కాకపోతే మూడు సమాసాలు కలపకుండా మంచినీళ్ళు కూడా అడగలేరు.

"మేడమ్, లబ్ధిదారుల్లో ఒకరి చేత స్వాగత వచనాలు పలికిద్దాం. నేను రాసుకొచ్చాను."

"వాళ్ళు లబ్ధిదారులు కాదండీ, విద్యార్థులు."

"నివేదికలో లబ్ధిదారులనే ఉండాలమ్మా, ఆ గడి అలా అచ్చయిపోయింది" అంటూ కాగితం చేతిలో పెట్టారు. అందులో మొదటి వాక్యం, "మా ఈ భాషా కుసుమోద్యానానికి విచ్చేసిన మహోన్నత మనస్కులకు సహృదయపూర్వక సుస్వాగత సుమాంజలి." టీచరు గారు ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ ఆగాలో వెతికారు. దొరకలేదు.

"ఇది నాకే నోరు తిరగడం లేదండీ. ఆయన చేత సొంతంగా నాలుగు ముక్కలు మాట్లాడించనివ్వండి. 'బాగున్నారా, రండి, కూర్చోండి' అంటారు. చూడ్డానికొచ్చేదే అది కదండీ?"

"సొంతంగానా? అమ్మో! అంత పెద్దాయన ముందు 'రండి, కూర్చోండి' అనిపిస్తారా? ఇది సాంస్కృతిక కేంద్రం మేడమ్, బస్టాండు కాదు."

కండక్టరు గారి కూతురు పళ్ళు బిగపట్టి కాగితం మడిచారు.

వారం రోజులు రిహార్సలు నడిచింది. స్వాగతానికి గోడౌనాయనని ఎంచింది కార్యదర్శి గారే, ఫోటోలో నిండుగా కనిపిస్తారని. పాపం ఆయన ప్రాణం పెట్టి బట్టీపట్టారు. మొదటి రోజు "భాషా కుసుమోద్యానం" దగ్గర రెండుసార్లు తుమ్మారు. మూడో రోజుకి "సహృదయపూర్వక" అన్న మాట "సగం హృదయపూర్వక" అయి స్థిరపడింది. కార్యదర్శి గారు దిద్దిన కొద్దీ సగం మరింత గట్టిగా వినబడసాగింది.

"మేడమ్ గారూ, సగమే ఎందుకండీ? పూర్తిగా ఇస్తే బాగుండదా?" అని గోడౌనాయన విడిగా అడిగారు.

ఆఫీసరు గారు అయిదింటికి వస్తానన్నారు. గోడౌనాయన ఆ పూట సెలవు పెట్టి, అయిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలగుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. కమిటీ వారు ఎత్తు వారీగా వరస కట్టారు. అయిదున్నర అయింది. పూలు తల వాల్చాయి. పావు తక్కువ ఆరుకి కమిటీ వరస చెదిరి, మెట్ల మీద కూలబడింది. ఆరు దాటింది. గోడౌనాయన మాత్రం కదల్లేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, కుసుమోద్యానం, కుసుమోద్యానం అని. ఆరూ పదికి కారు వచ్చి ఆగింది.

అంతసేపు ఎదురుచూసిన మనిషి కనబడగానే గోడౌనాయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగులో కుసుమోద్యానం మొత్తం ఎగిరిపోయింది. ఆయన సొంతంగా మాట్లాడారు.

"నమస్కారమండీ సార్ గారూ! ఇంతసేపూ ఎక్కడ చచ్చారండీ?"

గేటు దగ్గర అందరూ బిగుసుకుపోయారు. ఆ నిశ్శబ్దం తన భాషకి దక్కిన గౌరవమనుకున్నారు గోడౌనాయన. ఇంకాస్త ధైర్యం వచ్చింది. పూలగుత్తి రెండు చేతులా అందిస్తూ, నడుము వంచి, "మీ కోసమే చూస్తున్నామండీ. దయచేసి లోపలికి తగలడండి. మంచి కుర్చీ వేశాం, హాయిగా కూర్చుని ఏడవండి" అన్నారు.

టీచరు గారు అడ్డుపడబోయారు. అయినా ఇరవయ్యారేళ్ళ అలవాటు, బుర్ర తనంతట తానే దిద్దుకుపోయింది. చచ్చావు - చచ్చారు. ఒప్పు. తగలడు - తగలడండి. ఒప్పు. ఏడువు - ఏడవండి. ఇదీ ఒప్పే. మూడు క్రియలు, మూడింటికీ పూర్తి మార్కులు.

ఆఫీసరు గారు పూలగుత్తి అందుకోలేదు. లోపలికి వచ్చారు, కూర్చున్నారు, టీ ముట్టుకోలేదు, మూడో గది చూడలేదు. రెండు నిమిషాల్లో లేచి, "మీతో తర్వాత మాట్లాడతాను" అని టీచరు గారి వైపు చూసి కారెక్కారు. సంతకం కాగితం టేబులు మీద అలాగే ఉంది, పైన పెన్ను కూడా మూత తీసి.

టీచరు గారు పదకొండు మందినీ మూడో గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు.

"తప్పు చెప్పానా మేడమ్ గారూ?" గోడౌనాయనకి అప్పటికి అనుమానం మొదలైంది.

"వ్యాకరణం తప్పు లేదండీ." ఆవిడ తల పట్టుకున్నారు. "అసలా మాటలు మీకు ఎక్కడ దొరికాయి?"

"గోడౌన్‌లోనే! బస్సు లేటై నేను ఆలస్యంగా వెళ్తే సూపర్‌వైజర్ సార్ అడుగుతారు కదా, 'ఎక్కడ చచ్చావ్?' అని. నవ్వుతూనే అడుగుతారు. నేను చాలాసార్లు విన్నాను. అంటే, 'ఎక్కడున్నారు, మీ కోసం చూశాను' అని కదా? ఈరోజు సార్ గారు ఆలస్యం. పెద్దవారు. మీరు చెప్పినట్టే 'వు' తీశాను, 'రు' పెట్టాను, అండీ తగిలించాను."

"మరి కూర్చుని ఏడవడం?"

ప్యాకింగావిడ అందుకున్నారు. "అది నేనే చెప్పాను మేడమ్. టీ టైమ్‌లో మాతో అంటారు, 'పది నిమిషాలు కూర్చుని ఏడు' అని. రెస్ట్ తీసుకోమని కదా?"

క్యాంటీనావిడ ముఖం ఎందుకో పాలిపోయింది. "మేడమ్... 'మింగడం' అంటే భోజనం చెయ్యడమేనా?"

"ఎవరినైనా అన్నారా?"

"బస్సులో రోజూ పక్కన కూర్చునే ఆవిడ. మంచావిడ. మొన్న పొద్దున మర్యాదగా అడిగాను, 'మింగారా అండీ?' అని. మర్నాటి నుంచి వెనక సీట్లోకి వెళ్ళిపోయింది."

టీచరు గారికి నవ్వు ముంచుకొచ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. పదకొండు మందీ, ఎందుకో తెలియకపోయినా, టీచరు నవ్వుతున్నారు గదా అని నవ్వారు. నవ్వి నవ్వి చేతులు తీసేసరికి ఎదురుగా పుస్తకం అట్ట మీద తను చెప్పిన సూత్రం కనిపించింది. నవ్వు చప్పున ఆగిపోయింది. మూడేళ్ళుగా తను నేర్పింది మాటల తోకలే. మాటలు వాళ్ళకి వేరేచోట దొరుకుతున్నాయి, రోజుకి పది గంటలు.

ఇక అర్థం చెప్పకుండా ఎలా? ఒక్కొక్క మాటా విప్పి చెప్పారు, వీలైనంత మెత్తగా. గోడౌనాయన నవ్వడం మానేశారు. అరచేయి తిప్పి చూసుకున్నారు, అక్కడ ఇంకేమైనా రాసి ఉందేమోనన్నట్టు.

"అంటే... మూడేళ్ళుగా రోజూ నన్ను ఇలా అంటున్నారా?"

"కోపంతో అనలేదులెండి. అలవాటు. కొందరు ఇంట్లోనూ అంతే" అన్నారు టీచరు గారు. అన్నాక, అది ఓదార్పేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

"ఇంతకాలం బాగుండేది మేడమ్. రేపట్నించి అర్థమవుతుంది" అన్నారు గోడౌనాయన.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి గారు క్షమాపణ ఉత్తరంతో సిద్ధం. "అజ్ఞానాంధకారంలో కొట్టుమిట్టాడుతున్న మా లబ్ధిదారుడొకడు అవివేకవశమున" అని మొదలై, ఆ "ఒకడు"ని క్లాసు నుంచి తీసేశామని ముగుస్తుంది. కింద కన్వీనరు సంతకం పెట్టాలి.

"ఆయన్ని తీసెయ్యడమేంటండీ? ఆయన మన పాఠం చెప్పినట్టు అప్పజెప్పారు."

"మేడమ్, ఒక్కరు పోతే పదిమందికి అరగంట మిగులుతుంది. సంతకం పెట్టి మీరే స్వయంగా ఇచ్చి రండి. ఆఫీసరు గారు మీతోనే మాట్లాడతానన్నారు."

"దానికంటే ఒక పని చేద్దామండీ. వాళ్ళ సూపర్‌వైజర్లకి వారానికో గంట క్లాసు పెడదాం. మన విభాగం పేరు సామాజిక బాధ్యతే కదండీ?"

"సూపర్‌వైజర్లకా? ఏం నేర్పుతారు?"

"వాళ్ళ భాషే."

"వాళ్ళ భాష వాళ్ళకే నేర్పుతారా? నలుగురూ నవ్వుతారమ్మా! భాష రానివాళ్ళకి నేర్పితే సేవ. వచ్చినవాళ్ళకి నేర్పితే..." కార్యదర్శి గారు తగిన సమాసం కోసం చూశారు. దొరక్క, "అవమానం" అన్నారు.

"రోజూ పడుతున్నది మరి వీళ్ళేగా ఆ అవమానం!"

"మీకిప్పుడు అరగంట కావాలా, ఆవేశం కావాలా?"

ఒళ్ళు మండిపోయింది గానీ, ఆ ప్రశ్నకి జవాబు సులువు కాదని ఆవిడకి తెలుసు. ఉత్తరం సంచీలో వేసుకుని దుకాణానికి వెళ్ళారు. భర్త గారు ఎవరి కళ్ళజోడుకో మర బిగిస్తూ అంతా విన్నారు.

"పెట్టేసెయ్యవోయ్ సంతకం. నీదేం పోతుంది? కాగితం మీద ఆయన్ని తీసేసినా క్లాసులో కూర్చోబెట్టుకో. ఎవరు చూడొచ్చారు?"

"అరగంట ముందు వదలాల్సింది కంపెనీవాళ్ళేనండీ. ఎవరిని వదిలారో వాళ్ళకి తెలీదా?"

"అదీ నిజమే." ఆయన మర బిగించి, అద్దం తుడిచి, వెలుగుకి ఎత్తి చూశారు. "అయినా నువ్వు ఆ సూత్రం అలా చెప్పి ఉండాల్సింది కాదేమో. ఏ మాట విన్నా తోక మార్చమన్నావు. ఏ మాట వినాలో చెప్పలేదు."

"వినేది వాళ్ళ చేతుల్లో ఉందాండీ?"

ఆయన కుర్చీ ముందుకు తోసి, "సరే, కూర్చోండి" అన్నారు. ఇరవయ్యెనిమిదేళ్ళలో అది మొదటిసారి. హాస్యానికే అన్నారు. కానీ ఆవిడ నిజంగానే కూర్చున్నారు, చాలాసేపు లేవలేదు.

సోమవారం పదకొండింటికి కంపెనీ ఆఫీసులో ఆవిడ వంతు వచ్చింది. కార్పెట్టు పరిచిన గది. బల్ల మీద కాగితాలన్నీ అంచులు సమానంగా పేర్చి ఉన్నాయి. ఆఫీసరు గారు లేచి నిలబడి, "రండి మేడమ్, దయచేసి కూర్చోండి" అన్నారు. ఎంతో మర్యాద. అదే గొంతుతో, అదే ఊపిరిలో, ట్రే పట్టుకుని వచ్చిన మనిషితో, "ఇంతసేపా? అక్కడ పెట్టి తగలడు" అన్నారు. అని, మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "పంచదార ఎంత వెయ్యమంటారు?" అన్నారు. ఆ రెండు మాటల మధ్యా ఆయన ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. కోపమైతే బాగుండేదని టీచరు గారికి అనిపించింది. కోపం అయితే ఎప్పటికో అప్పటికి దిగుతుంది.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తే నష్టమేమీ లేదు. ఆఫీసరు గారు ఆ రోజు సంతకం పెట్టలేదు. పదకొండు రోజుల తర్వాత, ఏమాటా లేకుండా, కాగితం పంపించారు. ఏడాదికి కాదు, ఆరు నెలలకి. పదకొండు పేర్లూ ఉన్నాయి. కార్యదర్శి గారు అలిగి మూడో గదిని చిత్రలేఖనానికిచ్చేశారు. ఇప్పుడు క్లాసు మెట్ల కింద, విరిగిన కుర్చీలుండే గదిలో నడుస్తోంది. సూపర్‌వైజర్లకి కూడా వారానికో గంట క్లాసని టీచరు గారు కబురు పెట్టారు గానీ, ఎవరూ రాలేదు, ఒక్కరు తప్ప. "ఎక్కడ చచ్చావ్?" అని అడిగే ఆయనే. అడిగినప్పుడల్లా గోడౌనాయన ఎంతో వినయంగా, "చావలేదండీ, బస్సు రాలేదండీ" అని జవాబివ్వడం మొదలుపెట్టారట. రెండు వారాలు విని ఆయనకి ఎటు చూడాలో తెలియక, బుధవారాలు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటున్నారు. హోంవర్కు చెయ్యరు. "రండి" అనేటప్పుడు ఇంకా దగ్గు వస్తుంది. టీచరు గారు ఆయన్ని చూసినప్పుడల్లా నిట్టూరుస్తారు గానీ, హాజరు మాత్రం వేస్తారు.

కానీ ఆ సోమవారం ఇవేవీ ఆవిడకి తెలియవు. అరగంట పోతుందనే అనుకున్నారు. ఉత్తరం సంచీలోనే ఉంది, సంతకం లేకుండా. టీ చల్లారిపోతోంది. ఆఫీసరు గారు బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, నిజంగా నొచ్చుకున్న మనిషిలా అన్నారు:

"మేడమ్, మూడేళ్ళుగా మీరు నేర్పుతున్నది ఇదేనా? నా దగ్గర పనిచేసే మనిషి, నలుగురి ముందూ నన్ను పట్టుకుని, 'ఎక్కడ చచ్చారండీ' అన్నాడు!"

"అందులో మేం నేర్పింది చివర్న ఉన్న 'అండీ' ఒక్కటేనండీ, ముందున్నదంతా మీ గోడౌన్‌లో నేర్చుకున్నారు" అన్నారు టీచరు గారు.